మెట్ల లెక్క

రాజమహేంద్రవరం,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మలూ,

నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను. ఫోనులో చెబితే సగంలోనే అడ్డుపడతావు కాబట్టి రాస్తున్నాను.

దసరా సెలవులకు చిట్టిని హైదరాబాద్ తీసుకువెళ్తామని అన్నప్పటి నుంచి నువ్వు పంపుతున్న హోటళ్ల ఫోటోలన్నీ చూశాను. ఈతకొలను ఉన్న హోటల్లో మీ నాన్న ఏం చేస్తారు చెప్పు? గట్టు మీద కూర్చుని నీళ్లు ఎప్పుడు మార్చారని అక్కడి కుర్రాళ్లను అడుగుతారు. డబ్బు పంపుతానన్నావు, వద్దు. మనవరాలిని మన పింఛనుతోనే తిప్పాలని ఆయన పట్టుదల. ఈ ఒక్క విషయంలో నేనూ ఆయన పక్షమే. ముగ్గురికీ కలిపి 18,000 అనుకున్నాం.

ఆయన నోటుపుస్తకంలో రూపాయల లెక్క రాసుకుంటున్నారు. అదే పుస్తకం చివరి పేజీలో నా లెక్క ఉంది. నాది మెట్ల లెక్క. చార్మినార్ 149 మెట్లు, గోల్కొండ దాదాపు 360, మీ పిన్ని ఇల్లు 54. నవ్వకు. మీ అన్నయ్య కొడుకును తీసుకుని మేము మైసూరు వెళ్లినప్పుడు ఏం జరిగిందో నీకు తెలుసు. ప్యాకేజీ బస్సువాళ్లు ఒక్క రోజులో ఐదు చోట్లు చూపించారు. మీ నాన్నకు పాదాలు వాచాయి, పిల్లవాడు ప్యాలెస్ అంతా నా భుజం మీద నిద్రపోతూ చూశాడు. లాడ్జిలో లిఫ్టు ఉందని ఫోనులో చెప్పారు. ఉంది, మొదటి అంతస్తు నుంచి! అప్పటి నుంచి గది అడిగేటప్పుడు నా మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, వీధి గుమ్మం నుంచి మంచం దాకా ఎన్ని మెట్లని.

ముందు రైలు సంగతి. పండగ ముందు అందరూ హైదరాబాద్ నుంచి ఇటు వస్తారు, మేము అటు వెళ్తున్నాం. వెళ్లేటప్పుడు బెంగ లేదు, తిరిగి వచ్చేటప్పుడు ఆ జనంతోనే రావాలి, అసలు కష్టం అదే. అందుకే 60 రోజుల ముందు, బుకింగ్ తెరిచిన రోజునే మీ నాన్న కంప్యూటర్ ముందు కూర్చున్నారు. 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీని తలచుకుని యథాప్రకారం ఒకసారి నిట్టూర్చారు కూడా. ఇందులో ఒక చిత్రం ఉంది. పెద్దవాళ్ల కింది బెర్తుల కోటా మేమిద్దరమే వెళ్తే వర్తిస్తుందట, అదే టికెట్టులో మనవరాలిని కలిపితే వర్తించదట. అసలు కింది బెర్తు అవసరం పడేది పిల్ల వెంట ఉన్నప్పుడే కదా! చివరికి ఆ కోటా వదులుకుని ముగ్గురికీ ఒకే టికెట్టు తీసుకున్నాం. అదృష్టవశాత్తూ రానుపోను రెండేసి కింది బెర్తులు దొరికాయి.

చిట్టికి అర టికెట్టు చాలన్నారు మీ నాన్న. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అర టికెట్టు ఇస్తారు కానీ బెర్తు ఇవ్వరు. ఆ పిల్ల నిద్రలో ఎలా తన్నుతుందో ఆయనకు తెలియదు. పూర్తి టికెట్టు పెట్టించాను.

శనివారం తెల్లవారుజామున గౌతమిలో దిగుతాం. గది లక్డీకాపూల్‌లో, మెట్రో స్టేషనుకు దగ్గర, రోజుకు 2,000 లోపే. మధ్యాహ్నం పన్నెండుకు గది ఇచ్చేచోట అయితే తెల్లవారుజామున దిగినవాళ్లు సామానుతో పడిగాపులు పడాలి. ఇక్కడ ఇరవై నాలుగు గంటల లెక్క కాబట్టి దిగగానే స్నానం, పడక. మీ పిన్ని అలిగింది, సొంత చెల్లెలి ఇల్లుండగా లాడ్జి ఏమిటని. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రోజుకు రెండుసార్లు ఎక్కి దిగితే నా మోకాళ్లు మంగళవారానికి ఎక్కడుంటాయి? మంగళవారం మధ్యాహ్నం భోజనానికి ఒక్కసారి ఎక్కుతానని మాట ఇచ్చాను, దాని గుత్తివంకాయ కూర కోసం.

రోజుకు ఒక్కటే పెద్ద తిరుగుడు, అదీ ఉదయం. మధ్యాహ్నం పడక. సాయంత్రం ఓపిక ఉంటేనే ఇంకొకటి.

శనివారం సాయంత్రం లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధుడి దగ్గరకు. ఆ విగ్రహం 1990లో తరలిస్తుండగా హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయి, 1992 డిసెంబరులో గాని నిలబడలేదు. మీ నాన్న ఆ కథ చెప్పడానికి ఇప్పటి నుంచే సిద్ధమవుతున్నారు. పిల్లను పడవలో కూర్చోబెట్టి పడవ మునిగిన కథ చెప్పవద్దని, ఒడ్డుకు వచ్చాక చెప్పమని ఒట్టు వేయించుకున్నాను.

ఆదివారం గోల్కొండ. నేను ఎక్కను, మీ నాన్నను ఎక్కనివ్వను. పిన్ని కొడుకుకు ఆ రోజు సెలవు, వాడు చిట్టిని పైకి తీసుకువెళ్తాడు. మేమిద్దరం ఫతే దర్వాజా దగ్గర ఉండి చప్పట్లు కొడతాం. పైన బాలా హిస్సార్ దాకా వినబడుతుందంటారు కదా, వినబడిందో లేదో చిట్టి ఫోనులో చెప్పాలి. పెద్దవాళ్లు కింద, పిల్ల పైన ఉండి ఆడుకునే ఆట ఇంతకన్నా ఏముంటుంది? పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్టు కూడా లేదు.

సోమవారం సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం దానికి సెలవు, సోమవారం జూకు సెలవు. ఈ రెండూ చూసుకోకుండా బయలుదేరి గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చినవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. లక్డీకాపూల్ నుంచి ఐదో స్టేషను ఎంజీబీఎస్, అక్కడి నుంచి ఆటో. మెట్రోలో ప్రతి స్టేషనుకూ లిఫ్టు ఉంది, అందుకే దానికి పెట్టే ఖర్చు నాకు ఖర్చుగా అనిపించదు. మ్యూజియమంతా చూడాలని పంతం లేదు. పన్నెండు కాకముందే గడియారం ముందు కూర్చోవాలి. లోపలి నుంచి గడ్డపు బొమ్మ వచ్చి గంట కొడుతుంది, పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు. ఆ తర్వాత ముసుగు రెబెక్కా అనే పాలరాతి బొమ్మ. రాతిలో పలుచని గుడ్డను ఎలా చెక్కారని పిల్ల అడిగితే చెప్పలేను కానీ, అడగాలని మాత్రం ఉంది. చార్మినార్‌ను కింద నుంచే చూసి, లాడ్ బజారులో చిట్టికి లక్క గాజులు కొని వచ్చేస్తాం.

మంగళవారం పొద్దున్నే సామాను లాడ్జివాళ్లకు అప్పగించి జూకు వెళ్తాం. 380 ఎకరాలు, నడిస్తే అయిపోయినట్టే. బ్యాటరీ బండి టికెట్టు దగ్గర బేరాలు వద్దని ముందే చెప్పాను.

సిటీ బస్సు గురించి అడిగావు. అక్కడ ఆడవాళ్లకు ఉచితమే, కానీ తెలంగాణ చిరునామా ఉండాలి. నాకు ఇక్కడ పల్లెవెలుగులో ఉచితం, అక్కడ టికెట్టు. ఎక్కడికి వెళ్లినా ఏదో ఒక గీతకు అవతలే నిలబడతాను.

ఫిల్మ్ సిటీ అడగవద్దు. ఊరికి దూరం, మనిషికి టికెట్టు వెయ్యి దాటుతుంది, రోజంతా కాళ్ల మీదే ఉండాలి. అది నువ్వూ అల్లుడుగారూ చూపించండి.

రైల్లోకి పులిహోర, పెరుగన్నం చేస్తాను. మాత్రలు రెండు చోట్ల, నా సంచిలో సగం, ఆయన జేబులో సగం. చిట్టి ఆధార్ నకలు పంపు. ప్రయాణానికని కొత్త బూట్లు కొనకు, కరుస్తాయి, పాతవే వేయి. నువ్వు రోజుకు రెండుసార్లు ఫోను చేస్తే చాలు.

ఇంకొక మాట. ఇది రాస్తుండగా మీ నాన్న వెనుక నుంచి చదివి, "గోల్కొండ సగం దాకా ఎక్కి చూస్తాను" అంటున్నారు. సగమంటే 180. నువ్వే ఫోను చేసి వద్దని చెప్పు. నేను చెప్పమన్నట్టు తెలియనివ్వకు.

అమ్మ