శీనుకు, ఆయిల్ ఫిల్టర్ సంగతి

నల్లగొండ

అరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "ఆయిల్ ఫిల్టర్ ఏదైతే ఏందిరా, చూడి (బిగించే మర) సరిపోతే చాలదా" అన్నావు చూడు, అప్పటి నుంచి నాకు మనసు ఊరుకోవడం లేదు. నువ్వు డ్రైవింగ్‌లో ఉంటే సగం మాటలు గాలికే పోతాయి. అందుకే షాపు కట్టేశాక కూర్చుని రాస్తున్నా. బండి సర్వీసుకు ఇచ్చే ముందే చదువు.

నీ బండి తిరిగే దారి సంగతే చూద్దాం. పాలమూరు నుంచి జడ్చర్ల దాకా రోడ్డు బాగానే ఉంటది. కల్వకుర్తి దాటి ఊళ్లలోకి దిగావంటే అంతా చల్క దుమ్మే. ఆ ఎర్ర దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. గాలి ఫిల్టర్ ఎంత మంచిదైనా కొంత లోపలికి పోయి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్‌లో అరిగిన లోహపు రజను, మసి దానికి తోడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, బేరింగులను ఎక్కువగా తినేసేవి 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులు. క్రాంక్‌కూ (ఇంజన్‌లో తిరిగే ఇరుసు) బేరింగ్‌కూ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కూడా కొన్ని మైక్రాన్లే. మరీ సన్నవి అందులోంచి జారిపోతాయి. పొరకు కొంచెం మించినవి ఉన్నాయే, అవే గీకుతాయి.

అందుకే ఫిల్టర్ డబ్బా మీద "99 శాతం వడపోస్తుంది" అని కనపడగానే మురిసిపోకు. ఎన్ని మైక్రాన్ల దగ్గర 99 శాతమో రాశారా? 20 దగ్గరైతే మంచి ఫిల్టరే. 40 దగ్గరైతే అసలు దొంగలను వదిలేసి మిగిలినవాళ్లను పట్టుకున్నట్టే. ఆ రెండో అంకె లేకపోతే మొదటి అంకెకు విలువ లేదు. ఈ పరీక్షకు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 4548-12 అనే పద్ధతి ఉంది. దాని పేరు చెప్పి అంకె ఇచ్చిన కంపెనీని కొంత నమ్మొచ్చు.

అట్లని ఎంత సన్నగా వడపోస్తే అంత గొప్ప అని కూడా కాదు. ఫిల్టర్‌లో వడపోసే సన్నటి కాగితం తక్కువగా పెడితే తొందరగా పూడుకుపోతుంది. పూడుకుపోతే ఇంజన్‌కు ఆయిల్ అందకుండా పోకూడదని లోపల బైపాస్ వాల్వ్ పెడతారు. మన పానగల్ చెరువుకు అలుగు ఉన్నట్టే అనుకో, ఒత్తిడి పెరిగితే కట్ట తెగకుండా అటు నుంచి వదిలేస్తుంది. కాకపోతే అప్పుడు వెళ్లేది వడపోయని ఆయిల్. స్ప్రింగు నాసిరకమైతే అవసరం లేకున్నా తెరుచుకునే ఉంటుంది, నీకు తెలియను కూడా తెలియదు. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్ ఇంజన్‌లోనే ఉంటుంది, ఫిల్టర్‌లో ఉండదు. చూడి సరిపోయిందని వేరే బండి ఫిల్టర్ బిగించొద్దని నేను మొత్తుకునేది ఇందుకే. బండి మోడల్, ఇంజన్, తయారైన సంవత్సరం చెప్పి పార్ట్ నంబర్ చూసుకునే కొను.

మొన్న షాపులో వాడేసిన ఫిల్టర్లు రెండు హాక్‌సా బ్లేడుతో కోసి చూశాను. రెండూ ఒకే ఇంజన్‌కు వచ్చేవి, బయటికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఒకదాంట్లో కాగితం మడతలు దగ్గర దగ్గరగా, సమానంగా నిలబడి ఉన్నాయి. చివర్లలో రేకు మూత, జిగురు ఎక్కడా వదల్లేదు. రెండోదాంట్లో మడతలు సగమే ఉన్నాయి, అవీ ఒక పక్కకు ఒరిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. జిగురు వదిలిన చోట వేలు దూరేంత సందు. ఆయిల్ ఆ సందులోంచే తిరిగింది, కాగితం దాకా పోతేగా! అది తెచ్చినాయన "చవకగా వచ్చిందన్నా" అన్నాడు. రెండింటికీ ధరలో తేడా వంద రూపాయలు కూడా లేదు. నాకు నిజంగా కడుపు మండింది.

కోయకుండా నువ్వు చూడగలిగేది ఒకటుంది. చూడి చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి లోపల రబ్బరు కనపడుతుంది. బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో ఉండే ఇంజన్లకు ఇది చాలా ముఖ్యం. మామూలు నల్ల నైట్రైల్ రబ్బరు వేడికి కాలం గడిచేకొద్దీ గట్టిపడుతుంది. సిలికాన్‌ది ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది, చాలావరకు నారింజ రంగులోనో ఎరుపులోనో వస్తుంది. మన ఎండల సంగతి నీకు చెప్పాలా? పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు టకటక చప్పుడు, ఆయిల్ లైటు ఆరడానికి ఆలస్యం అయితే ఈ రబ్బరును కూడా అనుమానించు.

నీ స్విఫ్ట్ పెట్రోల్‌కు కంపెనీ ఫిల్టర్ చాలు, అదే నా మాట. అది దొరక్కపోతే బాష్, మాలే, ప్యూరోలేటర్ లాంటివాటిలో నీ ఇంజన్‌కు చెప్పిన నంబరే తీసుకో. బిల్లు అడుగు. డబ్బా మీద అక్షరాలు మసకగా ఉన్నా, సీలు చించి అంటించినట్టున్నా, ఎంఆర్‌పీలో సగానికే ఇస్తానన్నా అక్కడే వదిలెయ్.

ఇంకో మాట. "ఈసారికి ఆయిల్ మారుద్దాం, ఫిల్టర్ వచ్చేసారి చూద్దాం" అని మెకానిక్ అంటే ఒప్పుకోకు. పాత ఫిల్టర్‌లో మిగిలిన నల్ల ఆయిల్ కొత్తదాంట్లో కలుస్తుంది. దుమ్ము రోడ్లకు సర్వీసు ఇంకా తొందరగా చేయించాలని మాన్యువల్‌లో విడిగా పట్టిక ఉంటుంది, అది చూడు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడు. పాత రబ్బరు వాషరు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో చూడమను. దాని మీద కొత్తది పడితే ఆయిల్ మొత్తం రోడ్డు పాలు. కొత్త వాషరుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, ఆనిన తర్వాత చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పమను. డబ్బా మీద వేరేలా రాసి ఉంటే అదే పాటించు. పానాతో బిగించొద్దు. తర్వాత ఒక నిమిషం ఇంజన్ నడిపి కింద చూడు, ఆపి కాసేపాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూడు.

కొనే ముందు డబ్బా ఫోటో, నీ పాత ఫిల్టర్ మీద నంబరు ఫోటో రెండూ పంపు, నేను చూసి చెప్తా. చెరువుగట్టు జాతరకు ఇంటిల్లిపాదీ రండి. బాపుకు, అమ్మకు నమస్తే చెప్పు.

నీ
రమేశ్