ఓట్లేసినోళ్ళంతా పాట వినరండీ

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న ఆదివారం మీ పేపర్లో టాలెంట్ షోల్లో గెలిచిన సింగర్లు తర్వాత ఏమైపోతున్నారు అని ఒక వ్యాసం వేశారు కదా, చదివాను. బానే ఉంది గానీ చివర్లో జనానికి మతిమరుపు ఎక్కువ, ఇవాళ చప్పట్లు కొట్టి రేపు మర్చిపోతారు అని తేల్చేశారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండింది. జనం మర్చిపోవడం కాదండీ, ఆ సింగర్ పాట అసలు ఆ జనం దగ్గరికి వెళ్ళనే లేదు, ఇంకెవరి దగ్గరికో వెళ్ళింది, వాళ్ళకేమో అది అక్కర్లేదు.

నేను సింగర్ల యూట్యూబ్ ఛానెల్స్ చూసుకునే పని చేస్తా, థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ) చేయడం, టైటిల్ పెట్టడం, కామెంట్లకి రిప్లై ఇవ్వడం, అదే నా పని. కాబట్టి ఇది ఎక్కడో విని రాస్తున్నది కాదు.

ఒకమ్మాయి ఇలాంటి షోలోనే ఫైనల్ దాకా వచ్చింది. పేరొద్దు, ఆమెతో పాట చేయించిన మ్యూజిక్ కంపెనీ పేరు కూడా వద్దు. గొంతు ఎలా ఉంటుందంటే నిదానంగా సాగే పాట, జోలపాట లాంటిది పాడితే గదిలో ఫ్యాన్ సౌండ్ కూడా ఆగిపోయినట్టుంటుంది. షో అయిపోగానే కంపెనీ వాళ్ళు యూత్‌కి రీచ్ అవ్వాలి, రీల్స్‌లో ఆడాలి అని ఒక దడదడలాడే బీట్ పాట ఇచ్చి, గొంతంతా శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్‌లో ముంచి, థంబ్‌నెయిల్‌లో నల్ల కళ్ళద్దాలు పెట్టి వదిలారు. ఆ థంబ్‌నెయిల్ చేసింది నేనే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. మర్నాడు ఛానెల్ లెక్కలు చూపే యూట్యూబ్ స్టూడియో ఓపెన్ చేసి రిటెన్షన్ గ్రాఫ్, అంటే ఎంతసేపటికి ఎంతమంది చూస్తూ మిగిలారో చెప్పేది, చూస్తే పావు నిమిషం దాటకముందే గీత గోడ మీంచి దూకినట్టు కిందకి పడింది. కామెంట్లలో ఒకావిడ, పెద్దావిడే అయ్యుంటుంది, "తల్లీ నువ్వు సెమీస్‌లో పాడావే ఆ జోలపాట, అది పూర్తిగా పాడి పెట్టమ్మా, మా మనవరాలు అది వింటే గానీ పడుకోవట్లేదు" అని రాసింది. దాని కింద ఇంకో పదిమంది మాక్కూడా అని. అది చదివాక నాకు డౌట్ వచ్చి షోలో ఆమె పాడిన పాత క్లిప్పుల ఆడియన్స్ ట్యాబ్, అంటే చూసేవాళ్ళ వివరాలుండే పేజీ, తీసి చూస్తే చూసేవాళ్ళలో ఎక్కువ మంది నలభై అయిదు దాటినవాళ్ళే, అందులోనూ ఫోన్‌లో కన్నా టీవీలో పెట్టుకుని చూస్తున్నారు, అదీ రాత్రి పూట. ఈ సమాచారం అంతా కంపెనీ వాళ్ళకి మొదటి రోజు నుంచీ కనబడుతూనే ఉంది, అడిగినోడు లేడు.

తర్వాత ఆ జోలపాట తంబూర శ్రుతి ఒక్కటే పెట్టి ఇంట్లోనే రికార్డ్ చేసి పెట్టాం. వైరల్ ఏమీ అవ్వలేదు, అబద్ధం చెప్పను. కానీ చూసినోళ్ళు చివరిదాకా ఉన్నారు, మళ్ళీ మళ్ళీ వచ్చారు.

అసలు కిటుకు ఎక్కడుందంటే షోలో ఓటేసేది ఒక రకం జనం, తర్వాత డబ్బు పెట్టి వినేది ఇంకో రకం జనం. ఓటంటే ఫ్రీగానో పైసల్లోనో అయిపోయే పని, అమెరికాలో పాటల పోటీ షో అమెరికన్ ఐడల్ మొదట్లో అయితే ఫోన్ లైన్లు తెరిచి ఉన్నంతసేపూ ఒక్కడే ఎన్నిసార్లైనా కొట్టొచ్చు, కాబట్టి ఓట్ల లెక్క చూసి ఇంతమంది అభిమానులు అనుకోవడం పిచ్చితనం. ఆ షోలోనే 2006 సీజన్ చూడండి. గెలిచింది టేలర్ హిక్స్, క్రిస్ డాట్రీ నాలుగో ప్లేస్‌లో ఇంటికెళ్ళిపోయాడు. రెండేళ్ళు తిరక్కుండానే విన్నర్‌కీ రికార్డ్ కంపెనీకీ తెగిపోయింది, నాలుగో ప్లేస్ వాడేమో తన పేరుతోనే ఒక రాక్ బ్యాండ్ పెట్టుకుని, రాక్ రేడియో వినే జనానికి నేరుగా వెళ్ళి, మొదటి ఆల్బమ్‌తోనే అమెరికా అమ్మకాల చార్టు బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్ కొట్టాడు. హిక్స్ గొంతులో లోపం ఉందని ఎవరైనా అంటారా? నేనైతే అనను. ఆయనది అమెరికా నల్లజాతివాళ్ళ సంగీతం నుంచి వచ్చిన పాత సోల్ పాటల గొంతు, దాన్ని ఎవరికి వినిపించాలో తేల్చుకోలేకపోయారని నా అభిప్రాయం.

అంతకు ముందు ఏడాది, 2005లో అదే షో గెలిచిన క్యారీ అండర్‌వుడ్ విషయంలో మాత్రం తెలివిగా చేశారు. గెలిచాక వదిలిన మొదటి సింగిల్ (విడిగా వదిలే ఒక్క పాట) పాప్ చార్టులో నంబర్ వన్ అయింది, ఇంకెవరైనా అయితే ఇదేదో బాగుందని అదే దారి పట్టేవాళ్ళు. వీళ్ళు ఆమెను కంట్రీ పాటల (అమెరికా పల్లె బాణీల) వైపు, ఆ రేడియో స్టేషన్ల వైపు తీసుకెళ్ళారు, 2008కల్లా కంట్రీ సింగర్లు పెద్ద గౌరవంగా చూసే గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే షోలో సభ్యురాలు అయింది. కంట్రీ వినేవాళ్ళు ఒకసారి మా మనిషి అనుకుంటే అంత తేలిగ్గా వదలరు కదా.

సూసన్ బాయిల్ సంగతి అందరికీ తెలిసిందే, 2009లో బ్రిటన్స్ గాట్ టాలెంట్‌లో 47 ఏళ్ళ ఆవిడ, సెకండ్ వచ్చింది. అందరూ ఆ మొదటి ఆడిషన్ వీడియో గురించే మాట్లాడతారు గానీ నాకు నచ్చింది తర్వాత చేసిన పని. ఆవిడని కుర్రపిల్లలా తయారు చేయలేదు, పెద్దవాళ్ళకి బాగా తెలిసిన పాటలే పాడించి, సీడీ కొనే అలవాటు ఇంకా పోనివాళ్ళు షాపులకెళ్ళే క్రిస్మస్ ముందు నవంబర్‌లో ఆల్బమ్ దింపారు. అమెరికాలో మొదటి వారంలోనే 7 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఇంటర్నెట్‌లో పుట్టిన స్టార్ అన్నారు, డబ్బులు వచ్చిందేమో షాపులో కొన్న సీడీల్లోంచి.

ఇప్పుడు జో మెక్‌ఎల్డరీ కథ వినండి, మీ వ్యాసంలో ఉండాల్సింది నిజానికి ఇదే. 2009లో బ్రిటన్‌లో ఎక్స్ ఫ్యాక్టర్ అనే పాటల పోటీ షో గెలిచాడు, అప్పటికి పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. అక్కడ వరసగా నాలుగేళ్ళు ఆ షో విన్నర్ సింగిలే క్రిస్మస్ నంబర్ వన్, అంటే క్రిస్మస్ వారం చార్టులో మొదటి పాట, అవుతూ వచ్చింది, ఇతని టైమ్‌కి వచ్చేసరికి జనం విసిగిపోయి ఫేస్‌బుక్‌లో ఉద్యమం పెట్టి ఒక పాత రాక్ పాటని కొని నంబర్ వన్ చేశారు. అంటే షో బ్రాండే అతనికి ఎదురు తిరిగింది, అతను చేసిన తప్పేం లేదు. తర్వాత పాప్ ఆల్బమ్ వేశారు, అనుకున్నంత ఆడలేదు, కంపెనీ వదిలేసింది. 2011లో పాప్ సింగర్లతో ఆపెరా పాడించే ఇంకో షోకి వెళ్ళి అది గెలిచి, ఆ తరహా పాటలతోనే ఆల్బమ్ చేస్తే బ్రిటన్ చార్టులో రెండో ప్లేస్‌కి ఎక్కింది. అదే గొంతు, మారింది వినే జనం.

ఇక కొందరంటారు, గట్టి కంపెనీ చేతిలో పడితే ఎవరినైనా ఎవరికైనా అమ్మేయొచ్చని, వన్ డైరెక్షన్ అనే కుర్రాళ్ళ బ్యాండ్‌ని చూపిస్తారు. వాళ్ళు 2010లో ఎక్స్ ఫ్యాక్టర్‌లో మూడో ప్లేస్. కానీ షో నడుస్తున్నప్పుడే ట్విట్టర్లో ఆడపిల్లలు రోజంతా వాళ్ళ గురించే వాగుతున్నారు, కంపెనీ ఆ పిల్లల్ని వదిలిపెట్టి వాళ్ళ తండ్రుల దగ్గరికి పోలేదు కదా.

మీరు మళ్ళీ ఇలాంటి వ్యాసం వేస్తే ఒక చిన్న పని చేయండి సార్. జనం మర్చిపోయారా అని సింగర్లని అడగొద్దు, పాపం వాళ్ళు అవును అనే అంటారు. వాళ్ళ మొదటి పాట ఎవరి కోసం చేశారు, ఎవరు నిర్ణయించారు, షోలో వాళ్ళ క్లిప్పులు చూసినవాళ్ళ వయసెంతో ఎవరైనా ఒక్కసారి తీసి చూశారా అని ఆ కంపెనీల వాళ్ళని అడగండి. ఆ జోలపాట అడిగిన పెద్దావిడ ఇంకా వస్తూనే ఉంది, మొన్న "ఇప్పుడు రెండో మనవరాలు కూడా పుట్టింది" అని కామెంట్ పెట్టింది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు