పరిమితి పెట్టండి, కానీ రుజువు భారం పేదల మీద వేయకండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ప్రభుత్వం ఇచ్చే నగదు సాయం అందరికీ అందాలా, ఆదాయాన్ని బట్టి పరిమితం చేయాలా అన్న చర్చ మన దగ్గర ప్రతి పంట కాలానికీ మళ్లీ మొదలవుతుంది. పరిమితి ఉండాలనే నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే అది ఎవరిని తిప్పలు పెట్టి అమలు చేస్తారన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

నేను ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి హనుమకొండలో ఉంటున్నాను. నెలనెలా పింఛను వస్తుంది, ఆదాయపు పన్ను కడుతున్నాను. పరకాల వైపు మా నాయన నుంచి వచ్చిన 6 ఎకరాలు నా పేరున ఉన్నాయి. ఏడాదికి 6,000 రూపాయలిచ్చే కేంద్ర పథకం పీఎం కిసాన్ నాకు రాదు. పన్ను కట్టేవారిని, నెలకు 10,000 రూపాయలు ఆపైన పింఛను అందుకునే నాలాంటి వారిని ఆ పథకం పక్కన పెట్టింది. అది న్యాయమే. కానీ అదే భూమికి, అదే ఆధార్ మీద, రాష్ట్రం ఇచ్చే రైతుభరోసా ఎకరానికి పంటకు 6,000 రూపాయల చొప్పున 36,000 నా ఖాతాలో పడుతుంది. 2018 మే నెలలో హుజూరాబాద్‌లో ఇదే సాయం రైతుబంధు పేరుతో మొదలై, ఎకరానికి 4,000 రూపాయల చెక్కులు పంచిన నాటి నుంచీ పట్టా ఉంటే చాలు, మిగతా సంపాదన ఎంతని అడిగినవారు లేరు.

ఆ పొలంలో పత్తి వేసేది నేను కాదు, సొంత భూమి గుంట కూడా లేని ఒక కౌలురైతు. డబ్బు జమైనట్టు నా ఫోనుకు మెసేజ్ వచ్చిన రోజు అతను ఎరువుల దుకాణంలో డీఏపీ బస్తాలు ఉద్దెరకు తీసుకొని, పత్తి అమ్మినాక వడ్డీతో కడతానని పద్దులో సంతకం పెడుతున్నాడు. భూమిలేని కూలీలకు ఏడాదికి 12,000 రూపాయలని ప్రకటించిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకైనా అర్హుడవుతాడనుకుంటే, ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలన్నారు. చేను పనులు వదిలి అతను ఆ పనికి వెళ్లలేకపోయాడు. నాకు వచ్చిన సొమ్మును కౌలులో తగ్గిస్తున్నాను గానీ, అది నా ఇష్టం మీద ఆధారపడిన సాయమే తప్ప అతని హక్కు కాదు.

ఇక రెండో వైపు. మా వాడలో ఇళ్లలో పనిచేసే ఒక తల్లి, బిడ్డ పెండ్లికి కల్యాణలక్ష్మి దరఖాస్తు పెట్టుకోవడానికి ఆదాయ ధ్రువపత్రం కోసం మూడు రోజుల పని పోగొట్టుకుంది. ఏడాదికి ఎంత వస్తుందని అడిగితే, ‘ఏ నెల కానెల చేతికొచ్చిందే నాకు ఎరుక సారూ’ అన్నది. చివరికి దరఖాస్తు రాసిన వ్యక్తి తనకు తోచిన అంకె వేశాడు, అదే ఆమె ఆదాయమైంది. కూలికి జీతం చీటీ ఉండదు. రైతు ఆదాయమైనా ఏనుమాముల మార్కెట్‌లో ఆనాటి మిర్చి ధరను బట్టి, వానను బట్టి మారేదే. అలాంటి వారి నుంచి ఏటేటా కాగితం అడిగితే, పరిమితి వల్ల ముందుగా జారిపోయేది పేదవారే.

అందుచేత అర్హుల నుంచి రుజువు అడగడం మాని, ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న పన్ను, జీతం, పింఛను వివరాలతోనే మాలాంటి వారిని తొలగించాలి. అందులో పొరపాటు జరిగితే తిరిగి తిరిగి సరిచేయించుకునే ఓపిక, చదువు మాకున్నాయి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కనుక పెద్ద కమతాలు ఈ జల్లెడలో దొరకవు. వాటికి విస్తీర్ణాన్నే కొలతగా తీసుకోవాలి. అయితే ఒక గుంట ఎక్కువున్నంత మాత్రాన మొత్తం సాయం పోకుండా, ఎంత భూమి ఉన్నవారికైనా మొదటి 5 ఎకరాలకే ఇస్తే సరిపోతుంది. ఉన్నవారిని తీసేస్తే పథకం నాణ్యత పడిపోతుందన్న వాదన బడులు, ఆసుపత్రుల విషయంలో నిజమే, వాటికి పరిమితి పెట్టవద్దు. నగదుకు ఆ వాదన అతకదు.

ఇలా మిగిలే సొమ్ములో మొదటి వాటా కౌలురైతుకు దక్కాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం చేశారు. దాన్ని సాగుకు ముందే గ్రామసభలో అమలు చేస్తే, వచ్చే వానకాలం మెసేజ్ నా ఫోనుకు కాక, దుక్కి దున్నిన అతని ఫోనుకే పోతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.