ఒకటే కాడ్మియం, రెండు రకాల మట్టి

ఒరేయ్ ఎలా ఉన్నావ్, నీ ఉత్తరం చదివాను. రెండు మడుల్లోనూ కాడ్మియం, జింక్ అనే లోహాలు ఒకే లెవెల్లో ఉన్నాయని రిపోర్ట్ చెప్తుంటే గడ్డి ఉన్నచోట సూక్ష్మజీవులు బానే ఉన్నాయి, బోడి నేలలో మాత్రం సగం చచ్చాయి, ఇదెలారా అని అడిగావు కదా. రిపోర్ట్ తప్పని నేననుకోను, కాకపోతే పైన ఏం పెరుగుతోందో అందులో ఉండదు, అసలు కథంతా అక్కడే ఉంది.

లోహం పురుగుమందు లాంటిది కాదు, ఎన్నేళ్ళైనా విరిగి మాయమవదు. అందుకని చాలా బ్యాక్టీరియా ఏం చేస్తాయంటే లోపలికొచ్చిన లోహాన్ని పంపులతో బయటికి తోసేస్తుంటాయి, చిల్లుపడిన పడవలో నీళ్ళు తోడిపోస్తున్నట్టే, తోడేవాడికి తిండి లేకపోతే పడవ మునిగినట్టే కదా! ఆ తిండి వేళ్ళే పెడతాయి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు అలా కారుతూనే ఉంటాయి, అందుకే వేరు చుట్టూ ఉండే కొద్ది మిల్లీమీటర్ల మట్టి వేరే లోకం. బోడి నేలలో పాపం విషమూ అదే, ఆకలి అదనం.

అలాగని మొక్క ఉంటే చాలు అంతా మంచే అనుకోకు. అవే వేళ్ళు సిట్రిక్, మాలిక్ లాంటి ఆసిడ్లు కూడా వదులుతాయి, అవి మట్టికి అంటుకుని ఉన్న లోహాన్ని లాగి నీళ్ళలో కలిపేయగలవు. ఎరువు కూడా తేడా తెస్తుంది, మొక్క నత్రజనిని అమ్మోనియం రూపంలో తీసుకుంటే వేరు దగ్గర పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) పడిపోతుంది, నైట్రేట్ అయితే పెరుగుతుంది, పీహెచ్ పడితే కాడ్మియం, జింక్ ఇంకా కరుగుతాయి. అంటే రిపోర్ట్‌లో రాసే మొత్తం పీపీఎం (మట్టి పది లక్షల వంతుల్లో లోహం ఎన్ని వంతులో ఆ లెక్క) మారకుండానే సూక్ష్మజీవికి తగిలే డోసు మారిపోతుందన్నమాట.

నాకు బాగా నచ్చింది మాత్రం క్లోవర్ కథ, అదో చిక్కుడు జాతి పశుగ్రాసం మొక్క. ఇంగ్లండ్‌లో వోబర్న్ అనేచోట 1942 నుంచి 1961 దాకా పొలానికి లోహాలున్న మురుగు బురద వేశారు, ఆపేసిన చాలా ఏళ్ళకి అక్కడ తెల్ల క్లోవర్ పెంచి చూస్తే వేళ్ళకి బుడిపెలైతే వచ్చాయి గానీ నత్రజని పట్టడం లేదు. చూస్తే బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకి పట్టిచ్చే బ్యాక్టీరియా, అదే రైజోబియం, అందులో పనిచేసేదంతా పోయి, పనికిరాని రకం ఒక్కటే మిగిలింది! బుడిపె లోపల ఉన్నంతసేపూ రైజోబియానికి రక్షణే, బయట మట్టిలో ఒంటరిగా బతకాల్సొచ్చినప్పుడే దెబ్బ తగిలేది. అంటే ఆ మొక్క అక్కడ లేని కాలం కూడా లెక్కే. శిలీంధ్రాలు కొంచెం మొండివి, మామూలుగా బ్యాక్టీరియా కన్నా ఎక్కువ తట్టుకుంటాయి.

ఈసారి శాంపిల్ తీసేటప్పుడు గడ్డి మొక్కని మెల్లగా పీకి దులుపు, రాలిపోయింది ఒక కవర్లో, వేళ్ళకి ఇంకా అంటుకుని ఉన్నది బ్రష్‌తో తీసి ఇంకో కవర్లో వెయ్యి. రెండిటికీ పీహెచ్ విడివిడిగా చూసి నాకు రాయి, లోహం కూడా మొత్తం ఎంతని కాకుండా కరిగే భాగం ఎంతో అడుగు ల్యాబ్ వాళ్ళని.