పెడల్ తొక్కితే కారు తడబడుతోందా? ముందు ఇవి చూడు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. యాక్సిలరేటర్ తొక్కగానే కారు ఒక్క క్షణం తటపటాయించి, ఆ తర్వాతే అందుకుంటోందన్నావు. షెడ్డు వాళ్లు ప్లగ్గులు, పెట్రోల్ పంపు, సెన్సరు అన్నీ ఒకేసారి మార్చేద్దామన్నారట. అప్పుడే ఏదీ మార్పించకు. అది ఎప్పుడు తడబడుతోందో ముందు తేలాలి. ఇంజినుకి గాలి, పెట్రోలు, నిప్పురవ్వ మూడూ సమంగా అందాలి. ఏది తగ్గినా పికప్ పోతుంది గానీ, ఒక్కో లోపం ఒక్కోచోట బయటపడుతుంది. ఈలోగా కాలవ గట్టు రోడ్డు మీద లారీలను మాత్రం దాటొద్దు తల్లీ. ఎదురుగా బండి వచ్చే వేళకి కారు అందుకోకపోతే ఆ రోడ్డులో తప్పుకునే చోటుండదు.

ఆగి బయలుదేరేటప్పుడే తడబడి, వేగం వచ్చాక బాగుంటే గాలి వైపు అనుమానించు. పాలకొల్లు వెళ్తూ చించినాడ వంతెన ఎక్కేటప్పుడు, నాలుగో గేరులో గట్టిగా తొక్కితే దడదడమని కొట్టుకుంటే నిప్పురవ్వ వైపు. హైవే మీద కాసేపు బాగానే పోయి, 80 దాటేసరికి నీరసపడితే పెట్రోలు అందట్లేదు. ఇంజిను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు లేస్తూ కారు మాత్రం ముందుకి పోకపోతే అది ఇంజిను జబ్బు కాదు, క్లచ్ జారుతోంది.

ఆ తర్వాత కారు కంప్యూటర్లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించు. పీ0302 వస్తే రెండో సిలిండర్లో మిస్సింగ్, అంటే అక్కడ పెట్రోలు సరిగా మండట్లేదు. పీ0171 అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది. చాలామంది కోడ్ చూసి అక్కడితో ఆగిపోతారు. నువ్వు ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె కూడా చూపించమను. సున్నాకి అటూ ఇటూ 10 లోపు ఉంటే ఫరవాలేదు. ఐడిల్లో, అంటే పెడల్ తొక్కకుండా ఇంజిను ఆడుతున్నప్పుడు, ప్లస్ 20 దాకా ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర 5కి దిగితే ఎక్కడో గొట్టం పగిలి గాలి లాగుతోంది. ఐడిల్లో బాగుండి, బరువు పడ్డప్పుడు పెరుగుతుంటే పెట్రోల్ ఫిల్టరో పంపో నీరసించింది. ఈ రెండంకెలు తెలిస్తే అనవసరపు ఖర్చు చాలా తప్పుతుంది.

గాలి పని నువ్వే చూసుకోగలవు. నూర్పిళ్ల రోజుల్లో మన వైపు గాలిలో ఊక, దుమ్ము ఎక్కువ, ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడిపోతుంది. తీసి వెలుతురుకి పట్టి చూడు, వెలుతురు రాకపోతే మార్చేయ్. కోతలయ్యాక ఎలుకలు బోనెట్లోకి చేరతాయి, అందుకని సన్న రబ్బరు గొట్టాలనూ వైర్లనూ వేలితో తడిమి చూడు. చెరువుల తేమకీ సముద్రపు గాలికీ కనెక్టర్ల పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆ పిన్నులను కాంటాక్ట్ క్లీనరుతో కడిగితే చాలు. థ్రాటిల్ బాడీలో, అంటే ఇంజినుకి గాలి వదిలే రేకు ఉండే చోట, మసి పడితే గుడ్డకి క్లీనర్ కొట్టి తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిలైతే ఆ రేకుని వేలితో బలవంతంగా తొయ్యకు, లోపలి పళ్లు విరుగుతాయి. లోపలికొచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కారైతే దాని కోసమే అమ్మే స్ప్రే తప్ప మరొకటి వాడొద్దు, తీగని గుడ్డతో ముట్టుకోవద్దు.

గట్టిగా తొక్కినప్పుడే తడబడుతోందంటే మాత్రం నా అనుమానం ప్లగ్గులూ, వాటికి కరెంటిచ్చే కాయిళ్ల మీదే. పెడల్ గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఓల్టేజీ ఎక్కువ కావాలి. కాయిల్ నీరసంగా ఉన్నా, ప్లగ్గు కొన అరిగి సందు పెరిగినా రవ్వ తేలికైన దారి వెతుక్కుని పక్కనుంచి జారిపోతుంది. అందుకే నెమ్మదిగా వెళ్తే ఏమీ తెలియదు. ఇంజిను పూర్తిగా చల్లారాక కాయిల్ బోల్టు విప్పి, ప్లగ్గు సాకెట్టుతో ప్లగ్గు తీయాలి. కొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ పడుతోంది, నూనె తడిగా ఉంటే లోపల ఆయిల్ పైకొస్తోంది. తెల్లటి పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు నిలువునా సన్నటి నల్లగీత కనబడితే రవ్వ అటు నుంచే పారిపోతోందని అర్థం. కాయిల్ రబ్బరు లోపల కూడా దానికి జోడీగా మరక ఉంటుంది. ఆ ప్లగ్గునీ ఆ రబ్బరునీ కలిపే మార్చాలి, ఒకటే మారిస్తే రెండోది కొత్తదాన్నీ పాడు చేస్తుంది.

మామూలు ప్లగ్గయితే 30,000 కిలోమీటర్ల లోపే మార్చెయ్యాలి. సందు సాధారణంగా 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, నీ కారుకి ఎంతో మాన్యువల్లో చూసి ఫీలర్ గేజితో కొలిపించు. కొత్త ప్లగ్గుని ముందు చేత్తోనే తిప్పి బిగించి, వాషరున్న ప్లగ్గయితే ఆఖర్న సాకెట్టుతో అరచుట్టు తిప్పితే చాలు. ప్లగ్గు బిగించే ఇంజిను హెడ్డు అల్యూమినియం, మరీ బిగిస్తే మరలు పోతాయి. కాయిల్ మీద అనుమానముంటే కొత్తది కొనకుండానే తేల్చొచ్చు. రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికి పెట్టి నడిపితే, కోడ్ పీ0303కి మారిందా, దోషం ఆ కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి.

పెట్రోలు కొట్టించిన వెంటనే, లేదా ముసురు రోజుల తర్వాత తడబాటు మొదలైతే ట్యాంకులో నీళ్లు చేరి ఉంటాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకి దిగుతాయి, పంపు అడుగునే ఉంటుంది కాబట్టి ముందు వాటినే లాగుతుంది. మెకానిక్ చేత కాస్త పెట్రోలు గాజు సీసాలోకి తీయించి కదపకుండా ఉంచు, నీళ్లుంటే అడుగున వేరే పొరగా కనబడతాయి. ట్యాంకు ఎప్పుడూ పావు కంటే తక్కువ చెయ్యకు, పంపుని చల్లబరిచేది కూడా పెట్రోలే. పంపు మార్చాలంటే మాత్రం ముందు గేజి పెట్టి ఒత్తిడి చూపించమను. చాలా కార్లకి 3 నుంచి 4 బార్ల మధ్య ఉండి, రేజ్ చేసినప్పుడు పడిపోకూడదు.

డాష్‌బోర్డులో ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే వేగం తగ్గించి పక్కన ఆపెయ్. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ని కాల్చేస్తుంది, అది ప్లగ్గుల కంటే ఎన్నో రెట్లు ఖరీదు.

ప్లగ్గులు తీసేటప్పుడు ఏది ఏ సిలిండర్‌దో వరసలో పెట్టించి, నాలుగింటి కొనలూ కనబడేలా ఫోటో పంపు. చూసి ఏం మార్పించాలో చెబుతాను.

నాన్న