వలస పక్షులంటే చెరువులోవేనా?

ఎడిటర్ గారికి నమస్తే,

మీ ఆదివారం పేజీలో జైసల్మేర్ టూర్ మీద వేసిన ఆర్టికల్ చదివాను, ఫోటోలు చాలా బాగున్నాయి, కానీ కోట దాటి బయటికెళ్తే రాళ్లూ ఇసుకా తప్ప చూడ్డానికి ఏమీ లేదని రాసేశారు చూడండి, అక్కడే నాకు మనసొప్పలేదు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు బికనీర్‌లో ఉన్నవాణ్ని, చలికాలంలో ఆ నేల మీద ఏముంటుందో చూసినవాణ్ని, అందుకే ఈ లెటర్.

వీటియర్లని చిన్న వలస పిట్టలుంటాయండి, సైజు ఇంచుమించు మన నల్లంచి అంత. చెట్ల జోలికి పెద్దగా పోవు, నేల మీదే గెంతుకుంటూ నాలుగడుగులు పరిగెత్తి ఏ రాయి మీదో కంచె రాయి మీదో నిటారుగా నిలబడి తోక ఆడిస్తుంటాయి, చీమో పురుగో కదిలితే దూకి పట్టుకుని మళ్లీ ఆ రాయి మీదకే వస్తాయి. రాజస్థాన్, గుజరాత్ వైపు చలికాలంలో ఎక్కువగా కనబడేవి మూడు రకాలు. డెజర్ట్ వీటియర్ ఒళ్లు ఇసుక రంగు, తోక మొత్తం నలుపు, మగదానికి గొంతు కూడా నలుపే. ఇసబెల్లైన్ వీటియర్‌లో ఆడా మగా రెండూ మట్టి రంగే, ఎగిరి తోక విప్పితే తప్ప కొత్తవాళ్లు పోల్చుకోలేరు. ఇక వేరియబుల్ వీటియర్ సంగతి చెప్పక్కర్లేదు, మగవాటిలోనే మూడు వేషాలు, నల్ల తలా తెల్ల పొట్టా ఉన్నవి, నడినెత్తి తెల్లగా ఉన్నవి, తోక దగ్గర తప్ప ఒళ్లంతా నల్లగా ఉన్నవి, ఈ మూడూ ఒకటే పిట్ట అంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.

ఇవి లడఖ్, టిబెట్, మంగోలియా, కజకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్ లాంటి చోట్ల గుడ్లు పెట్టి, చలి మొదలయ్యేసరికి ఇటు దిగుతాయి. వచ్చాక గుంపుగా ఉండవు, ఒక్కోటి కొంత నేల తనదని పెట్టుకుని ఇంకోటొస్తే తరిమేస్తుంది, మగదాన్ని ఆడది తరమడం కూడా ఉంటుంది, అచ్చం మన ఊళ్లల్లో గట్టు తగాదాల్లాగే. బికనీర్ పక్కన జోర్‌బీడ్ అని చచ్చిన పశువుల్ని పడేసే చోటుంది, అందరూ రాబందులూ గద్దలూ చూడ్డానికెళ్తారు, కానీ అక్కడ పురుగులకి కరువుండదు కదా, వాటి కోసం వీటియర్లు ఆ కళేబరాల చుట్టుపక్కలే తిరుగుతుంటాయి, ముక్కు మూసుకునైనా చూడాల్సిందే.

వీటి చుట్టం ఒకటుంది, నార్తర్న్ వీటియర్, అది మన దగ్గరికి రావడం అరుదు. పాతిక గ్రాములుంటుంది. అలాస్కాలో కొన్నిటికి ఎటు పోయాయో నమోదు చేసే, ఒకటిన్నర గ్రాము కూడా లేని చిన్న పరికరాలు కట్టి వదిలితే, తర్వాతి ఏడాది తిరిగొచ్చిన వాటిలో తేలిందేంటంటే సైబీరియా, కజకిస్తాన్, అరేబియా ఎడారి మీదుగా తూర్పు ఆఫ్రికాకి ఒక వైపే దాదాపు 14,500 కిలోమీటర్లు పోయాయి, మళ్లీ అంత దూరం వెనక్కొచ్చాయి. 2012లో వచ్చిన రీసెర్చ్ ఇది.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి ఏడాదీ మీ పేపర్లో నేలపట్టు, పులికాట్, కొల్లేరు, తేలినీలాపురం పక్షుల మీద ఫుల్ పేజీలొస్తాయి, రావాలి కూడా, కాదనను. కానీ వలస పక్షంటే నీళ్లల్లో నిలబడే పెద్ద పక్షే అన్నట్టు అయిపోయింది, చెరువు ఎండిపోతే వార్త, గడ్డి నేల పోతే వార్త కాదు. వీటియర్‌కి కావాల్సింది చెట్లూ నీళ్లూ కాదు, గొర్రెలూ మేకలూ మేసి గడ్డి పొట్టిగా ఉన్న ఖాళీ నేల. సర్కారు లెక్కల్లో అలాంటి నేల చాలావరకు బంజరు కిందకే పోతుంది, 2019లో వచ్చిన వేస్ట్‌లాండ్స్ అట్లాస్ ప్రకారం దేశంలో 5.57 కోట్ల హెక్టార్లు వేస్టే, ఆ అట్లాస్ తయారైంది మన హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ సెంటర్‌లోనే. బంజరని రాసేశాక ఇంకేముంది, చెట్లు నాటడమో సోలార్ ప్యానెల్స్ పరచడమో మొదలు. చెట్లు నాటితే తప్పేంటంటారా, గుజరాత్‌లో బన్నీ అనే పచ్చిక బయళ్లలో ఉప్పు నేల ముందుకు రాకుండా ఆపుతామని 1961లో సర్కారు తుమ్మ వేశారు, ఈరోజు ఆ పచ్చిక బయళ్లలో సగానికి పైగా అదే, పశువులు మేపుకునే మాల్‌ధారీలకి గడ్డి కరువైంది. ఆ తుమ్మ సంగతి మనకొకరు చెప్పాలా, 1870ల్లోనే కడప జిల్లా కమలాపురంలో నాటారు, ఇప్పుడు మన చెరువు గట్లన్నీ అదే.

సోలార్ వద్దని నేననడం లేదు, మా ఇంటి మీదా ఉంది. కానీ రాజస్థాన్‌లోని భడ్లా సోలార్ పార్క్ ఒక్కటే 14,000 ఎకరాలు, మన కర్నూలు గని-శకునాల సోలార్ పార్క్ దాదాపు 6,000 ఎకరాలు, ఇంత పెద్ద ప్రాజెక్టులకి 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కర్లేదని మినహాయింపుంది, అంటే పనులు మొదలుపెట్టే ముందు ఒక చలికాలమైనా అక్కడ ఏ పిట్ట తిరుగుతుందో చూడాలని ఆ రూల్ ఎవర్నీ అడగదు. జైసల్మేర్ వైపు ఓరణ్ అని దేవుడి పేరు మీద వదిలిన మేత భూములుంటాయి, కొమ్మ కూడా కొట్టరు, వాటిని కూడా రికార్డుల్లో బంజరని రాసి కంపెనీలకిస్తున్నారని అక్కడి పశువుల కాపరులు ఎప్పట్నుంచో గొడవ చేస్తున్నారు. మన రోళ్లపాడులో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) దాదాపు కనబడకుండా పోయింది, దాని మీద కూడా అప్పుడప్పుడూ ఒక చిన్న వార్తతో సరి.

అందుకని రెండు రిక్వెస్టులు. ఈ చలికాలం సండే స్పెషల్‌కి ఎవరినైనా రాజస్థాన్ చురు జిల్లాలోని తాల్ ఛాపర్ అభయారణ్యానికి పంపండి, అక్కడ కృష్ణజింకలు ఎలాగూ ఫోటోకి దొరుకుతాయి, కాస్త కిందకి చూడమని చెప్పండి. ఇంకోటి, సోలార్ పార్క్ వార్త వేసేటప్పుడు ఎన్ని మెగావాట్లు, ఎన్ని కోట్లు అని రాస్తారు కదా, ఆ భూమిలో ఇదివరకు ఎవరి గొర్రెలు మేసేవి, పక్షుల సర్వే జరిగిందా లేదా అని కూడా కలెక్టర్ ఆఫీసులో అడిగి వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, కర్నూలు