కార్యదర్శి వార్షిక నివేదిక: మన మొదటి గిటార్

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఉలి సానబెట్టే తరగతులు, స్టూళ్ల తయారీ ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది చెప్పుకోవాల్సింది మాత్రం గిటార్ గురించే. బల్లలు, అలమారాలు దాటని మన చేతుల్లో మొదటి అకూస్టిక్ గిటార్ తయారైంది.

బల్లకి అర మిల్లీమీటరు తేడా వస్తే ఎవరికీ పట్టదు. ఇక్కడ స్ప్రూస్ అనే తేలికపాటి చెక్కతో చేసే ముందు పలకే మూడు మిల్లీమీటర్ల లోపు. మందంగా వదిలేస్తే మోత రాదు, మరీ పల్చన చేస్తే ఆరు స్టీలు తీగల లాగుడుకి ఉబ్బిపోతుంది. ఆ లాగుడు సుమారు 70 కిలోలు మరి! అందుకే లోపలివైపు ఎక్స్ ఆకారంలో బద్దలు అతికించాం. గిటార్లు చేసే అమెరికా మార్టిన్ కంపెనీ 1840లలోనే వాడిన పద్ధతి ఇది. మన ఉపాధ్యక్షులు గారు బద్దల్ని కాస్త కాస్త చెక్కుతూ, పలకని వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. 'టక్' అన్నది 'ఠంగ్' అనేదాకా ఉలి కింద పెట్టలేదు. ఆయనకి ప్రత్యేక ధన్యవాదాలు.

అసలు టెన్షన్ పక్కలు వంచేటప్పుడు. రెండు మిల్లీమీటర్ల రోజ్‌వుడ్ చెక్కని తడిపి, వేడి గొట్టం మీద ఆనించి, అది లొంగేదాకా ఆగాలి. ఒకటి నడుము వంపు దగ్గర చిట్లింది, ఇంకోటి కోసుకున్నాం. ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా బిగించే సన్నని లోహపు బద్దల) లెక్కంతా సంయుక్త కార్యదర్శి గారిదే. మిగిలిన తీగ పొడవుని ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది, పన్నెండోది సరిగ్గా సగంలో పడుతుంది. పడింది కూడా.

గిటార్ చెక్కకి గాలిలో తేమ 45 శాతం దగ్గర ఉండాలి. మన షెడ్డు కప్పు కారుతోందని సంబంధిత అధికారులకి రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. బద్దలు అతికించే పనికి తమ ఇంట్లో గది ఇచ్చిన సభ్యురాలికీ, ఆ జిగురు వాసన భరించిన వారి కుటుంబానికీ కృతజ్ఞతలు.

మొదటి సమావేశంలో గిటార్ పనికి వస్తామని చేతులెత్తిన వారి జాబితా నా దగ్గర భద్రంగా ఉంది. జిగురు ఆరిపోయేలోగా అతుకులు నొక్కిపట్టే క్లాంపులు బిగించాల్సిన సాయంత్రం వారిలో ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు. తీగలు కట్టిన రోజు ఫొటోలో మాత్రం చోటు చాలలేదు.

జమాఖర్చుల ప్రతులు బల్ల మీద ఉన్నాయి. చెక్క ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది. చందా బకాయిలు దయచేసి కట్టండి.

రెండో గిటార్‌కి కార్యవర్గం తీర్మానం పెడుతోంది. ఈసారి పేరిచ్చేవారు ఏయే వారాల్లో వస్తారో కూడా రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి.

ఇట్లు,
కార్యదర్శి